కరిగిన పాలిథీన్ తలతన్యత: కొలిచిన ప్రతిసారీ ఎక్కువే వస్తోంది

ప్రశ్న:
హెచ్‌డీపీఈ (అధిక సాంద్రత) రకం పాలిథీన్‌ను 180 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి, సూది కొసన వేలాడే బిందువు ఆకారాన్ని బట్టి దాని తలతన్యతను (ద్రవ ఉపరితలాన్ని ముడుచుకునేలా లాగే బలాన్ని) లెక్కిస్తున్నాను. బిందువు ఏర్పడిన 5 నిమిషాలకు తీసిన ఫొటో నుంచి మీటరుకు 38 మిల్లీన్యూటన్లు వచ్చింది. ఆ విలువ మెల్లగా దిగుతూ 40 నిమిషాలకు 33 దగ్గర నిలిచింది. ఇదే ఉష్ణోగ్రతకు ప్రచురిత విలువలేమో 26, 27 మధ్య ఉన్నాయి. గంట దాటాక బిందువు పసుపు రంగుకు తిరిగి, విలువ మళ్లీ కదలడం మొదలవుతోంది. లెన్సు మార్చి చూసినా ఫలితం మారలేదు. ఏ సమయంలో వచ్చిన విలువను నమ్మాలి?

జవాబు 1:
లెక్కలో సాంద్రత ఎంత వేశారో మీరు రాయలేదు. నా అనుమానమంతా దాని మీదే. బిందువు ఆకారం నుంచి తెలిసేది తలతన్యతకూ సాంద్రతకూ మధ్య ఉన్న నిష్పత్తి మాత్రమే కనుక, సాంద్రతలో ఎంత శాతం తప్పు ఉంటే తలతన్యతలోనూ అంతే శాతం తప్పు వస్తుంది. గట్టిగా ఉన్న హెచ్‌డీపీఈ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.95 గ్రాములు కాగా, స్ఫటికాలు కరిగి వ్యాకోచించిన తర్వాత 180 డిగ్రీల వద్ద అది 0.76 చుట్టుపక్కలకు పడిపోతుంది. మీరు గట్టి పదార్థపు 0.95నే వేసి ఉంటే, మీ 33ను 0.76తో గుణించి 0.95తో భాగించి చూడండి, 26.4 వస్తుంది. ఉష్ణోగ్రత నియంత్రణలో రెండు మూడు డిగ్రీల తేడా దీని ముందు లెక్కలోకి రాదు, ఎందుకంటే డిగ్రీకి తలతన్యత తగ్గేది 0.06 మిల్లీన్యూటన్ల ప్రాంతంలోనే.

జవాబు 2:
సాంద్రత విషయంలో పై జవాబుతో ఏకీభవిస్తాను, అయితే 5 నిమిషాల విలువను సాంద్రత సరిచేశాక కూడా వాడకూడదు. బిందువు తన ఆకారానికి కుదురుకోవడానికి పట్టే కాలాన్ని, స్నిగ్ధతను (ద్రవం చిక్కదనాన్ని) వ్యాసార్ధంతో గుణించి, తలతన్యతతో భాగించి అంచనా వేయవచ్చు. స్నిగ్ధత 10,000 పాస్కల్ సెకన్లు, వ్యాసార్ధం 1 మిల్లీమీటరు అనుకుంటే అది దాదాపు 6 నిమిషాలు అవుతుంది. నిజంగా కుదురుకోవాలంటే దానికి నాలుగైదు రెట్లు ఆగాలి. అంతవరకు కనిపించేది తలతన్యతా బరువూ కలిసి తేల్చిన సమతాస్థితి కాదు, ఇంకా సాగుతున్న ప్రవాహం. ఇక పసుపు రంగు ఆక్సీకరణకు గుర్తు. చుట్టూ నైట్రోజన్ నింపకుండా గంటసేపు వేలాడదీస్తే, మీరు కొలిచేది మొదట పెట్టిన పాలిమర్‌ను కాదు.

ప్రశ్న అడిగినవారు:
పట్టికలోని 0.95నే వేశాను. 0.76తో తిరిగి లెక్కిస్తే 40 నిమిషాల విలువ 26.4కు వచ్చింది. నైట్రోజన్ పెట్టి నిన్న మళ్లీ చేస్తే రంగు మారలేదు, కానీ కరిగిన పాలిమర్ సూది బయటి గోడ వెంట పైకి పాకి, బిందువు అంచు ఎక్కడో ఫొటోలో తేల్చలేకపోయాను.

జవాబు 2:
అలా పాకిన బిందువును వదిలేసి కొత్తది చేయండి. సూది బయటి వైపును ప్రతిసారీ శుభ్రంగా తుడిచి, బిందువును మరీ నెమ్మదిగా కాకుండా ఒకే విడతలో దింపితే పాకడం చాలావరకు తగ్గుతుంది.