చిట్టిబాబు గారి కోయిల: వీణ వాదనా, గిమ్మిక్కా?

తాళంతీగ:
మళ్ళీ అదే గొడవండీ. వీణ విద్వాంసులు చిట్టిబాబు గారు వీణ మీద కోయిల కూత పలికించిన 'కొమ్మలో కోయిల' విని ఒకాయన ఇది కచేరీ కాదు మిమిక్రీ అన్నారు, నిజం చెప్పొద్దూ నేనూ కాస్త అటువైపే. వీణ ధనమ్మాళ్ గారు మద్రాసులో శుక్రవారం సాయంత్రాలు ఇంట్లో ఎంత మెల్లగా వాయించేవారు, అదీ వీణంటే. వీణకే అతికించే కాంటాక్ట్ మైకు, అదే పికప్, పెట్టి హాలంతా మోగించేదానికి గిటార్ కొనుక్కోవచ్చుగా.

మైనంమెట్టు:
ఒక్క మాట. ధనమ్మాళ్ గారు 1938లో పోయారు, ఆవిడది చిన్న గది, ఎదురుగా కొద్దిమంది రసికులు. చిట్టిబాబు గారు 1936లో కాకినాడలో పుట్టారు, ఆయన కచేరీలు చేసే నాటికి పెద్ద పెద్ద సభలు. వీణ నాదం ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి? మైకు లేకుండా వెనక వరసకి చేరాలంటే గట్టిగా మీటాలి, ప్రతి స్వరానికీ మీటాలి, కీర్తన ముక్కలు ముక్కలైపోతుంది. పికప్ ఉంటే ఒక్కసారి మెల్లగా మీటి తీగ కింద ఉండే అదే మెట్టు మీద తీగ లాగి రెండు మూడు స్వరాలు పలికించొచ్చు, అచ్చం పాడినట్టే. మైకు వల్ల గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, పోలేదు, వినపడింది.

పాతరేడియో:
అలా పాడినట్టు వాయించే గాయకీ పద్ధతి చిట్టిబాబు గారి గురువు ఈమని శంకరశాస్త్రి గారిది కదా. ద్రాక్షారామం మనిషి, జెమినీ స్టూడియోలో చేసి తర్వాత ఢిల్లీ రేడియోలో వాద్యబృందం నడిపారు, అంటే బతుకంతా మైకు ముందే. శిష్యుణ్ణి తిట్టేవాళ్ళు గురువు దగ్గరికొచ్చేసరికి దండం పెడతారు, ఇదేం లెక్కో.

తాళంతీగ:
సరే గాయకీ ఒప్పుకున్నా. కోయిల సంగతి చెప్పండి మరి.

మైనంమెట్టు:
కోయిల కూత కిందనుంచి పైకి సాగుతూ పోతుంది, మధ్యలో ఎక్కడా తెగదు. ఇరవైనాలుగు మెట్లున్న వాద్యం మీద మెట్టు తెలీకుండా అలా జార్చాలంటే ఎడం చెయ్యి ఎంత సాధన చేసుండాలి! అదే చెయ్యి కదా తోడి రాగం వాయించేది కూడా. నచ్చకపోతే నచ్చలేదనండి, రాదనకండి.
మైకు గురించి మాత్రం మీ మాటలో కొంత నిజముంది. నా వీణకి పికప్ పెట్టించాక మొదట వినపడింది నాదం కాదు, నా గోటి చప్పుడు. వీణకుండే పనసచెక్క కుండ లోపల తిరిగే ఆ గుంభనం స్పీకర్లో రాదు, తీగ శబ్దమే ముందుకొస్తుంది. సౌండు అబ్బాయి ట్రెబుల్ పెంచాడా ఇక రేకు డబ్బానే.

తాళంతీగ:
హమ్మయ్య, అదే నేను మొత్తుకునేది. ఈసారి పికప్ తీసేసి, ఫ్యాన్ ఆపి, గదిలో వాయించి రికార్డు పెట్టండి. కోయిల కూడా.