స్కాన్ పేజీని తెల్లబరిస్తే నల్లమచ్చలు పడుతున్నాయి

పాతపుటలు:
ఇంట్లోని పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, పసుపెక్కిన కాగితాన్ని తెల్లబరచడానికి పైథాన్‌లో, బొమ్మలను మార్చే పిల్లో లైబ్రరీతో ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాను. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఏ4 పేజీ అంటే అడ్డం 2480, నిలువు 3508, దాదాపు 87 లక్షల పిక్సెళ్లు. గెట్‌పిక్సెల్‌తో ఒక్కొక్కటే చదివి పుట్‌పిక్సెల్‌తో మారుస్తుంటే పని సాగడం లేదు. నంపై లైబ్రరీలోని అరేగా, అంటే సంఖ్యల పట్టికగా మార్చి, అన్ని వెలుతురు విలువలకూ (0 నలుపు, 255 తెలుపు) ఒకేసారి 40 కలిపితే క్షణంలో అయింది కానీ, కాగితం బాగా తెల్లగా ఉన్నచోటే నల్లమచ్చలు పడ్డాయి. కారణం ఏమై ఉంటుంది?

చుక్కలలెక్క:
ఆ అరేలో ఒక్కో విలువకు ఎనిమిది బిట్లే ఉంటాయి కనుక, 255 దాటిన సంఖ్య మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందండి. 240కి 40 కలిపితే 280 రాదు, 24 వస్తుంది. మీ మచ్చలు అవే. ముందు పదహారు బిట్ల ఇంట్16కు మార్చి, కలిపి, క్లిప్‌తో 0–255 మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే మళ్లీ ఎనిమిది బిట్ల యూఇంట్8 చేయండి.

అడ్డంనిలువు:
పిల్లో నుంచి నంపైకి వచ్చారు కాబట్టి మరొక మాట. పిక్సెల్ స్థానం చెప్పేటప్పుడు పిల్లోలో అడ్డం కొలత ముందు, నిలువు తర్వాత. నంపైలో పైనుంచి ఎన్నో వరుస అన్నది, అంటే నిలువు కొలత ముందు. నేను చదరపు బొమ్మ మీద పరీక్షించుకోవడంతో ఎర్రరు రాలేదు, తప్పుడు పిక్సెళ్లు మారుతున్న సంగతి చాలా రోజులు తెలియలేదు. బొమ్మల పనికే ఉన్న మరో లైబ్రరీ ఓపెన్‌సీవీతో చదివితే రంగులు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో వస్తాయి. వాటిని అలాగే పిల్లోకు అందిస్తే పసుపు కాగితం లేతనీలంగా కనిపిస్తుంది.

పాతపుటలు:
మచ్చలు పోయాయి, ధన్యవాదాలు. తర్వాత రంగులు తీసేసి గ్రేస్కేల్‌కు (బూడిదరంగు ఛాయలకు) మార్చి, 128 కంటే ఎక్కువున్నదంతా తెలుపు చేశాను. సిరా వెలిసినచోట గుడిదీర్ఘం కొస చెరిగి ‘కీ’ కాస్తా ‘కి’ అయింది.

అచ్చుతప్పు:
పేజీ అంతటికీ ఒకే హద్దు పెడితే తెలుగు లిపికి ఈ తిప్పలు తప్పవు. 1979లో ఒట్సు ప్రతిపాదించిన పద్ధతి హద్దును తానే లెక్కగట్టినా, అదీ పేజీ మొత్తానికి ఒక్కటే కనుక కుట్టు దగ్గరి నీడను నలుపు చేసే ప్రమాదం ఉంటుంది. ఓపెన్‌సీవీలోని అడాప్టివ్ త్రెషోల్డ్ ప్రతి పిక్సెల్‌కూ దాని చుట్టుపక్కల వెలుతురును బట్టి హద్దు నిర్ణయిస్తుంది. ఆ చుట్టుపక్కల ఎన్ని పిక్సెళ్ల వెడల్పు చూడాలో చెప్పే బ్లాక్ సైజు బేసి సంఖ్యే కావాలి. 31తో మొదలుపెట్టి, వత్తులు దగ్గరదగ్గరగా ఉన్న ఒక పంక్తిని పెద్దది చేసి చూసుకుంటూ మార్చండి. ఫలితాన్ని జేపెగ్‌లో దాచవద్దు. 0, 255 మాత్రమే ఉన్న పేజీని తిరిగి తెరిస్తే అక్షరాల అంచుల్లో మధ్య విలువలు చేరి ఉంటాయి. పీఎన్‌జీలో ఆ బెడద లేదు.

పాతపుటలు:
31తో ‘కీ’ తిరిగి వచ్చింది కానీ వెనుక పేజీ అక్షరాలు కూడా లీలగా తేలుతున్నాయి. బ్లాక్ సైజు పక్కన ఇచ్చే స్థిరాంకాన్ని (చుట్టుపక్కల సగటు నుంచి తీసివేసే సంఖ్యను) 5 నుంచి 12కు పెంచితే చాలావరకు తగ్గాయి.