గెట్‌రేట్ ఒక్క కొరియర్ ధరే ఇస్తోంది, నాలుగిటి ధరలు పక్కపక్కన ఎలా ఇవ్వాలి?

కోటగట్టు (విజయనగరం)
మూడేళ్లుగా ఒక చిన్న పైథాన్ లైబ్రరీ (ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు తమ షాపులో పెట్టుకునే కోడ్) నడుపుతున్నాను. పిన్‌కోడ్, బరువు ఇస్తే గెట్‌రేట్ అనే ఫంక్షన్ ఒక కొరియర్‌ని అడిగి ధర తెస్తుంది. పలాస జీడిపప్పు అమ్మే కుర్రాడికి ఇన్నాళ్లూ అదే సరిపోయింది.

మొన్న బొబ్బిలి వీణలు అమ్మే ఒకాయన దీన్ని పెట్టుకున్నారు. బెంగళూరు ఆర్డరు. పెట్టెతో కలిపి తొమ్మిది కిలోలని నా లైబ్రరీ ధర చూపించింది, కొన్నావిడ అంతే కట్టారు. తీరా బిల్లు 42 కిలోలకి వచ్చింది! కొరియర్లు పెట్టె పరిమాణాన్ని కూడా బరువుగా లెక్కేస్తాయి: పెట్టె కొలత 130×40×40 సెంటీమీటర్లు, గుణించి 5000తో భాగిస్తే 41.6. ఒకే పనస దుంగలో చెక్కిన ఏకాండి వీణ మరి, విప్పి చిన్న పెట్టెలో సర్దే వీల్లేదు. ఆయన కోప్పడలేదు. "బాబూ, మీ కంప్యూటర్‌కి టేపు లేదా?" అన్నారు. ఆ మాటకి తలెత్తుకోలేకపోయాను.

ఇప్పుడు కొలతలు కూడా తీసుకుని, నాలుగు కొరియర్లనీ ఒకేసారి అడిగి, ధర, రోజులు పక్కపక్కన ఇద్దామని. గెట్‌రేట్ ఒక సంఖ్యే ఇస్తుందని నమ్ముకున్న షాపులున్నాయి, జాబితా ఇస్తే అన్నీ పడుకుంటాయి. పైగా ఒక కొరియర్ సర్వర్ పలకకపోతే మిగతా మూడింటినీ ఆపాలా?

నాగావళి_వంతెన
పాతదాని జోలికి వెళ్లకండి. కంపేర్‌రేట్స్ అని కొత్తది పెట్టండి. గెట్‌రేట్స్ అని మాత్రం పెట్టకండి, ఒక్క అక్షరం తేడాకి రాత్రంతా కూర్చున్నవాణ్ణి నేను. పాత గెట్‌రేట్ లోపల కొత్తదాన్ని పిలిచి, అన్నిటికన్నా తక్కువ ధర తిరిగిస్తే సరి. పలకని కొరియర్ కోసం మూడు సెకన్లు చూడండి, వచ్చినవి ఇచ్చెయ్యండి, రానివాటిని కారణంతో సహా విడిగా ఇవ్వండి.

కోటగట్టు
అన్నా, తక్కువ ధర ఇస్తే చిక్కు. షాపువాడు ఆ ధర చూపించి, లేబుల్ మాత్రం పాత కొరియర్‌కే తీస్తాడు. తేడా వాడి నెత్తినే పడుతుంది. పాతది పాత కొరియర్‌కే కట్టుబడి ఉండాలి.

నాగావళి_వంతెన
నిజమే, అది ఆలోచించలేదు.

పార్సిల్_లెక్క (శ్రీకాకుళం)
నేను డిస్పాచ్ వైపు మనిషిని. పక్కపక్కన పెట్టే ముందు అన్నీ ఒకే లెక్కలోకి తెండి. ఒకరు 18 శాతం జీఎస్టీ కలిపి చెప్తారు, ఇంకొకరు కలపకుండా చెప్తారు. భాగహారం అందరికీ 5000 కాదు. 4000 వాడేవాళ్ల దగ్గర మీ వీణ 52 కిలోలు. ఆ సంఖ్య ఆయా కొరియర్ కోడ్‌లోనే ఉండాలి, అందరికీ కలిపి ఒకటి పెట్టకండి. డబ్బు పైసల్లో, పూర్ణాంకాల్లో ఉంచండి.

మీ జీడిపప్పు కుర్రాడికి ఈ తప్పు ఎందుకు కనపడలేదంటే, కిలో డబ్బా 25×18×10 అనుకుందాం. పరిమాణం లెక్కన 0.9 కిలో, తూకంలో 1.1. రెండిట్లో పెద్దదే బిల్లవుతుంది కాబట్టి తూకమే గెలిచింది. అరకిలో శ్లాబు ప్రకారం 1.5కి కట్టేవాడు, ఎవరికీ అనుమానం రాలేదు.

కోటగట్టు
రాసేశాను. నిన్న సీతంపేట వైపు పిన్‌కోడ్‌తో పరీక్షిస్తే ఒక కొరియర్ సున్నా రూపాయలతో జాబితా పైన కూర్చుంది. ఉచితం కాదండీ, అక్కడికి వాళ్లు వెళ్లరు! వాళ్ల ఏపీఐ (నా కోడ్ ధర అడిగితే జవాబిచ్చే వాళ్ల ప్రోగ్రాం) ఆ సంగతి సున్నాతో చెప్తుంది. ఇప్పుడు సున్నా వస్తే "సేవ లేదు" కిందకి తోసేస్తున్నాను.

ధర ప్రకారం వరుస పెట్టడం కూడా తీసేశాను. వీణలాయనకి నాలుగూ చూపిస్తే మూడో ధర ఎంచుకున్నారు. అదేమిటండీ అంటే, "వీళ్ల కుర్రాడు పెట్టెని నిలబెట్టడు, పడుకోబెడతాడు" అన్నారు. దానికి ఏ ఫీల్డూ లేదు నా దగ్గర.