డీఎన్‌ఏ పెండింగ్ కేసులు: డబ్బులిస్తే తగ్గుతాయా?

మురళీనగర్ సూరి:
2024 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఫోరెన్సిక్ స్కీమ్‌కి 5 ఏళ్లకి 2254 కోట్లు ఓకే చేసింది, అవి కొత్త క్యాంపస్‌లకీ సెంట్రల్ ల్యాబులకీ. మరి స్టేట్ ల్యాబుల్లో పేరుకుపోయిన శాంపిళ్ల సంగతేంటి? పోక్సో కేసు, అంటే పిల్లలపై లైంగిక నేరాల కేసు, వీలైనంతవరకు ఏడాదిలో తేల్చాలని చట్టంలో ఉంది, నేను రోజూ కోర్టులో చూస్తున్నా, రిపోర్ట్ రాలేదని వాయిదా మీద వాయిదా. పెండింగ్ తీర్చడానికని విడిగా డబ్బులివ్వాల్సిందే.

పాత ల్యాబ్ మనిషి:
సూరిగారూ, డబ్బులనగానే అందరూ మెషీన్ అంటారు. మెషీన్ రాత్రంతా దానంతటది నడుస్తుంది, దానికి ముందు పనంతా మనుషులదే. స్వాబ్, అంటే శాంపిల్ తీసిన దూది పుల్ల, నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి, తడిదాన్ని ప్లాస్టిక్ సంచిలో కుక్కి పంపిస్తే మన వైజాగ్ ఉక్కకి బూజు పట్టేస్తుంది, డీఎన్‌ఏ ప్రొఫైల్ రాదు, మళ్ళీ మొదట్నించి. టెస్ట్ కిట్లకి ఎక్స్‌పైరీ ఉంటుంది, మార్చిలో బడ్జెట్ మిగిలిందని ఒకేసారి కొంటే పారెయ్యాల్సొస్తుంది. పైగా 2024 జులై నుంచి కొత్త క్రిమినల్ చట్టం, 7 ఏళ్లు ఆపైన శిక్షుండే కేసులకి ఫోరెన్సిక్ వాళ్ళు స్పాట్‌కెళ్ళాలి, రాష్ట్రాలకి 5 ఏళ్ల గడువిచ్చారనుకోండి. శాంపిళ్లు పెరుగుతాయి, చేసే చేతులు మాత్రం అవే.

గాజువాక కుర్రాడు:
ప్రైవేట్ ల్యాబులకిచ్చేస్తే పోలా?

మురళీనగర్ సూరి:
కిట్లు పారేస్తున్నామని మీరే ఒప్పుకుంటున్నారు కదండీ, మరి ఇన్నాళ్లూ ఎవరి మీద తోశారు?

పాత ల్యాబ్ మనిషి:
నేనన్నది కొనే పద్ధతి గురించి. పారేస్తున్నామని ఎక్కడన్నాను? పైకెళ్ళి చదవండి.

మురళీనగర్ సూరి:
చదివాను. "పారెయ్యాల్సొస్తుంది" అని మీ మాటే.

జాలరిపేట అమ్మాయి:
మీ కిట్ల గొడవ ఆపుతారా. మా నాన్న వేటకెళ్ళి రాలేదు. తర్వాత ఒడ్డుకొచ్చిన శవం ఆయనదో కాదో తేలక 14 నెలలైంది. అమ్మ రక్తం పనికిరాదు, కన్నబిడ్డది కావాలన్నారు, నాది తీసుకున్నారు. తేలకపోతే 7 ఏళ్లు ఆగాలంట, అప్పుడే పోయినట్టు లెక్కంట. అప్పటిదాకా డెత్ సర్టిఫికెట్ లేదు, అమ్మకి పింఛను లేదు, దినం కూడా చెయ్యలేదు.

పాత ల్యాబ్ మనిషి:
అమ్మా, నీళ్లలో నానిన శవానికి పన్నో తొడ ఎముకో తీసుకుంటారు. ఎముకని శుభ్రం చేసి పొడి చేసి కాల్షియం తీశాకే డీఎన్‌ఏ, రక్తం మరకలా ఒక్క రోజులో అయ్యేది కాదు.

జాలరిపేట అమ్మాయి:
పని కష్టమని నాకూ తెలుసు సార్. ఎముకకి ఏమేం చేస్తారో చెప్తున్నారు, 14 నెలలు ఏ బీరువాలో ఉందో చెప్పట్లేదు!

మురళీనగర్ సూరి:
మీ బాధ నిజమే, కానీ నేరం కేసులు ముందు. ఒక పసిపిల్ల కోర్టు చుట్టూ తిరుగుతోంది, బెయిల్ రాక జైల్లో ఉన్నవాడు తప్పు చెయ్యలేదేమో కూడా.

జాలరిపేట అమ్మాయి:
అదీ అసలు మాట. ఇప్పటిదాకా డబ్బులు, మనుషులు అన్నారు, లోపలున్నది మాత్రం మేం వెనక నిలబడాలని.

పాత ల్యాబ్ మనిషి:
లోపల ఉన్నవాడిగా చెప్తున్నా. కోర్టు నుంచి గట్టిగా లెటరొచ్చిందే ముందుకెళ్తుంది. అడిగేవాళ్లు లేని శవాలు వెనకే ఉంటాయి. అది నాకెప్పుడూ నచ్చలేదు. సూరిగారూ, ఇచ్చే డబ్బులో కొంత ఆచూకీ లేని శవాలకే అని రాసి ఇవ్వాలి, లేకపోతే మీ 2254 లాంటివి ఎన్నొచ్చినా ఈ అమ్మాయి ఎముక కదలదు.

మురళీనగర్ సూరి:
విడిగా రాయాలంటే ఒప్పుకుంటా. ముందు ఏది అన్న దాంట్లో మాత్రం నా మాట మారదు. అమ్మా, ఏ స్టేషన్ నుంచి పంపారు, లెటర్ నంబరుందా?

జాలరిపేట అమ్మాయి:
ఉంది. సోమవారం మళ్ళీ స్టేషన్‌కి వెళ్తున్నాను, అమ్మని కూడా తీసుకెళ్తా.