జిరాఫీని లారీలో ఎట్లా తెస్తారు? బిర్యానీ పందెం ఉండాది, తెలిసినోళ్ళు చెప్పండబ్బా

లీలామహల్_కుర్రోడు:
అందరికీ నమస్తే. నిన్న రాత్రి లీలామహల్ సర్కిల్ కాడ టీ తాగతా ఉంటే మాటకి మాట పెరిగి నాకూ మా మామకీ పందెం పడింది. మైసూరు జూలో జిరాఫీలు ఉండాయి కదా, దాంట్లో ఒకదాన్ని మన తిరుపతి జూకి రోడ్డు మీద తేవాలంటే ఎట్లా తెస్తారు అని. నేనేమో మత్తు ఇంజెక్షన్ వేసి ట్రైలర్ మీద పడుకోబెట్టి పైన టార్పాలిన్ కప్పి తెస్తారు అన్నా. మామేమో అది నిలబడే వస్తాది రా, పడుకోబెడితే దారిలోనే చస్తాది అంటాడు. 18 అడుగుల జంతువు నిలబడి వస్తే కరెంటు తీగలు, బ్రిడ్జీలు, టోల్ గేట్లు ఇవన్నీ ఏమైతాయి మరి? ఫోన్‌లో వెతకకూడదు, మనుషుల్ని అడగొచ్చు అని కండిషన్. ఓడినోడు బిర్యానీ పెట్టాల.

వెటర్నరీ_ఫైనలియర్:
బ్రో, బిర్యానీకి డబ్బులు రెడీ చేసుకో. జిరాఫీ అంటేనే మత్తు డాక్టర్లకి భయం. దాని బీపీ మనిషికి దాదాపు రెండింతలు ఉంటుంది, గుండె నుంచి అంత పైనున్న తలకి రక్తం ఎక్కాలి కదా. పైగా అది ఆవులాగా నెమరేసే జంతువు, మత్తులో తల కిందికి వాలిపోతే పొట్టలోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అంతే సంగతులు. అందుకే మత్తులో ఉన్నంతసేపూ మెడని మనుషులు పట్టుకుని పైకి ఎత్తి ఉంచాలి. అడవిలో పట్టేటప్పుడు వేరే దారి లేక డార్ట్ (దూరం నుంచి తుపాకీతో పేల్చే మత్తు సూది) కొడతారు, కానీ పడిన వెంటనే విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చేస్తారు, కళ్ళకి గంత కట్టి చెవుల్లో దూది పెట్టి తాళ్ళతో నడిపించి ట్రైలర్ ఎక్కిస్తారు. అంటే అప్పుడు కూడా బండిలో నిలబడే పోతుంది. జూల్లో అయితే మామూలుగా మత్తు జోలికే పోరు.

బంగారుపాళెం_లోడు:
నేను జిరాఫీని ఎప్పుడూ తోల్లేదు గానీ గడ్డి లోడ్లు, ఓడీసీ లోడ్లు (మామూలు కొలతకి మించిన పెద్ద సరుకు) తోలినా కాబట్టి చెప్తాండా. ముందు లెక్క చూడు తమ్ముడూ. 18 అడుగులు అంటే బాగా ముదిరిన మగది, దాన్ని ఎవురూ కదపరు. చిన్నదాన్నే తెస్తారు, ఒక 11 అడుగులు అనుకో. లో బెడ్ ట్రైలర్ నేల నుంచి 3 అడుగులు, మొత్తం 14. హైవే మీద ఫ్లైఓవర్ కింద 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు వదిలి కడతారు. సరిపాయె కదా. తంటా అంతా ఊర్లలోకి వచ్చినాక, పాత రైల్వే అండర్ బ్రిడ్జీలు, రైలు గేట్ల ముందర అడ్డం కట్టే ఇనుప కమ్మీలు, వాటికన్నా మించి కేబుల్ టీవీ వైర్లు. గడ్డి లోడు తోలేటప్పుడు క్లీనరు పైన కూర్చోని వెదురు కర్రతో తీగలెత్తతా ఉంటాడు, ఒకసారి పలమనేరు పక్క ఒక పల్లెలో మావోడు నిద్రపోయినాడు, వీధి మొత్తం కేబుల్ తెగి లోడు వెనకాల తోకలాగా వచ్చింది, సీరియల్ టైంలో. ఆడోళ్ళు మమ్మల్ని వదల్లేదు. అందుకే ఇట్లాంటి లోడుకి ముందే ఒక బండి పోయి రూటంతా కొలుచుకుని రావాల. మొగిలి ఘాట్ దిగేటప్పుడైతే బ్రేక్ కొట్టేదే లేదు, నిండు పాలచెంబు పక్కన పెట్టుకుని తోలినట్టు తోలాల.

కీపర్_చిన్నాయన:
మా చిన్నాయన వేరే రాష్ట్రంలో ఒక జూలో కీపర్‌గా చేసి రిటైర్ అయినాడు, ఆయన చెప్పేది ఏందంటే తోలేది ఒక్క రోజు పని, ఎక్కించేదానికి నెలలు పడతాది. బోనుని తెచ్చి దాని ఎన్‌క్లోజర్ గేటుకి ఆనించి పెట్టేస్తారు, మేత ఆ బోను లోపలే కట్టేది. మొదట మెడ ఒక్కటే లోపల పెట్టి ఆకు లాక్కుని బయటికి పోతాది, తర్వాత ముందు కాళ్ళు, తర్వాత మొత్తం. ఒక పిల్ల జిరాఫీ అయితే బోను తలుపు గొలుసు టింగుమంటే చాలు వెనక్కి ఉరికేదంట, ఎందుకో అర్థం కాక వారం పోయింది, ఆఖరికి చిన్నాయన తన పాత లుంగీ చింపి గొలుసుకి చుట్టినాడు, రెండో రోజు లోపలికి పోయింది. బోను పైకప్పు ఎత్తేదానికి దించేదానికి వీలుగా ఉంటాది, తక్కువ బ్రిడ్జి వస్తే దించుతారు, అది మెడ వంచుకుంటాది. కింద జారకుండా ఇసక, రబ్బరు మ్యాట్లు. కాళ్ళు పక్కలకి జారినాయంటే మళ్ళీ లేవడం కష్టం, దానికి అన్నిటికన్నా అదే డేంజర్.

పాతకథలు_చంద్రగిరి:
లోడు అన్న చెప్పిన రూటు కొలిచే మాట ఊరికే తీసేయొద్దు. 2014లో దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా దగ్గర హైవే మీద ఓపెన్ బండిలో రెండు జిరాఫీలు పోతా ఉంటే బ్రిడ్జికి తల కొట్టుకుని ఒకటి చచ్చిపోయింది. విమానంలో అయితే ఇంకా కష్టం, 747 కార్గో లోపల ఎత్తు 10 అడుగులే, అందుకని పిల్లవే పోతాయి. 1826లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ ఫ్రాన్స్ రాజుకి ఒక పిల్ల జిరాఫీని పంపితే ఓడ డెక్‌కి కన్నం పెట్టి అందులోంచి తల బయటికి వచ్చేలా తెచ్చినారు, పాలకి ఆవుల్ని కూడా ఎక్కించినారు. మార్సెయ్‌లో దిగినాక బండి లేదు కదా, 1827 ఎండాకాలంలో పారిస్ దాకా నడిపించినారు, దాదాపు 900 కిలోమీటర్లు, 41 రోజులు. వానకి తడవకుండా దానికి కోటు కూడా కుట్టించినారంట. మనోళ్ళు పుంగనూరు నుంచి కొండకి నడిచొచ్చినట్టు!

లీలామహల్_కుర్రోడు:
అందరికీ థాంక్స్. మామకి అంతా చదివి వినిపించినా, మీసం తిప్పతా ఉండాడు. కానీ వెటర్నరీ బ్రో, అడవిలో అయితే డార్ట్ కొడతారు అన్నావు కదా, అంటే ఇంజెక్షన్ అన్న నా మాట సగం కరెక్టే. బిర్యానీ బిల్లు సగం సగం అడగొచ్చా?

బంగారుపాళెం_లోడు:
యాడ సగం? మైసూరు జూ అని నువ్వే రాసినావు, అడవి అన్లేదు. ఫుల్ ప్లేట్ పెట్టు, లెగ్ పీస్ మామకి.