హేవ్‌లాక్‌లో కిచెన్ ఉన్న ఇల్లు తీసుకున్నాం, సరుకులు వైజాగ్ నుంచే మోసుకెళ్లాలా?

వచ్చే నెల ఆరుగురం అండమాన్ వెళ్తున్నామండి, హేవ్‌లాక్‌లో ఐదు రోజులు. మా అత్తగారు బయట తిండి ముట్టరు. కూరగాయలూ అవీ అక్కడ దొరుకుతాయా, లేక ఎంవీపీ రైతుబజార్ని సూట్‌కేసులో కుక్కాలా?

↳ దొరుకుతాయండి. గోవింద్‌నగర్లో, అదే మూడో నంబర్ అంటారు, బజారుంది, కిరాణా కూరలు చేపలు అన్నీ అక్కడే, కాకపోతే చాలా సరుకు బోటు మీదే రావాలి కదా, రేట్లు మనూరి లెక్కలో ఉండవు, సముద్రం బాలేక బోట్లు ఆగాయా ఇక అంతే. మేం వెళ్లినప్పుడు ఓ సాయంత్రం బుట్టలో మిగిలింది బంగాళాదుంపలు, వడిలిపోయిన నాలుగు బెండకాయలు. పొద్దున్నే వెళ్లండి. కొబ్బరిబోండాలకి మాత్రం కొదవ లేదు.

↳ కందిపప్పు, చింతపండు, ఇంగువ పట్టుకెళ్లిపోండి. అక్కడ బెంగాలీలు ఎక్కువ, ఆవనూనె ఈజీగా దొరుకుద్ది, మీ అత్తగారు ఆ వాసనకి ఏమంటారో మరి 😄 ఆవకాయ చెక్‌ఇన్ బ్యాగులో పెట్టండి. ఎండుకొబ్బరి ఫ్లైట్‌లో ఒప్పుకోరు, మా ఆవిడ సర్దిన రెండు చిప్పలూ తీయించేశారు.

↳ అయ్యో, కొబ్బరి కారం ఆల్రెడీ ప్లాన్‌లో ఉంది! థాంక్సండి. గ్యాస్ సంగతో?

↳ ఇంటాయన్నే అడగండి, సిలిండర్ నిండుగా ఉందా అని. మాకు రెండో రోజే అయిపోయింది, అన్నం సగం ఉడికింది.