ఇంటిపని కార్మికురాలిపై వేధింపు: ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?

ప్రశ్న: మా సంస్థ బస్తీల్లో ఇంటిపని కార్మికులతో పనిచేస్తుంది. యజమాని లైంగికంగా వేధించాడని ఒకామె చెప్పింది. ఆమెకు రాయడం రాదు. ఎలా మొదలుపెట్టాలండీ?

జవాబు 1: పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం కింద జిల్లా లోకల్ కమిటీకి (ఇలాంటి ఫిర్యాదులు విచారించే జిల్లా స్థాయి కమిటీ) ఇవ్వాలండి. వివరాలు కలెక్టరేట్‌లో అడగండి. ఫిర్యాదుకు గడువు ఘటన నుంచి 3 నెలలు. ఆలస్యానికి తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలల వరకు పెంచవచ్చు. ఫిర్యాదు 6 ప్రతులు, ఆధారాలు, సాక్షుల పేర్లు, చిరునామాలు కావాలి. రాయలేని మనిషికి రాయడంలో సాయం చేయడం కమిటీ బాధ్యతే, వెనక్కి పంపితే ఒప్పుకోకండి.

జవాబు 2: తేదీల దగ్గరే ఎక్కువగా దెబ్బతింటాం. వేధింపు పదేపదే జరిగితే గడువు చివరి ఘటన నుంచి లెక్క. తేదీ గుర్తులేకపోతే పండగ, జీతమిచ్చిన రోజు లాంటివి అడిగి పట్టుకోండి. ఫోన్‌లో మెసేజ్‌లు, కాల్స్ తీసేయొద్దని ఇవాళే చెప్పండి.

జవాబు 3: ఇంటిపని వారి విషయంలో తేడా ఉంది. ప్రాథమిక ఆధారం కనిపిస్తే కమిటీ 7 రోజుల్లో ఫిర్యాదును పోలీసులకు పంపాలి. ఇది ఆమెకు ముందే వివరించి, సరేనన్నాకే కదలండి. రాజీ ఆమె కోరితేనే, అదీ డబ్బు ప్రాతిపదికన కుదరదు. ఆమె పేరు మీ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టొద్దు. ఉచిత లాయరు కోసం 15100 నంబరుకు ఫోన్ చేయండి.